ఫోన్ పక్కన పెట్టి గెజిటీరు చదివాను: నా అనుభవం

మా ఇంట్లో డ్యూటీ అంటే ఒకటే అర్థం. నాన్న కాలవ మీద నీళ్ళు చూసుకునే లస్కరుగా చేసినన్నాళ్ళూ "డ్యూటీకెళ్ళారు", "ఇంకా డ్యూటీ దిగలేదు" అన్న మాటలు వింటూనే పెరిగాం. గోదావరి కాలువల మీద ఇంగ్లీషువాళ్ళు రాసిన పాత నివేదికలో "డ్యూటీ" అని కనపడితే దాని దగ్గర ఎవరైనా ఎందుకు ఆగుతారు? ఆగాల్సి వచ్చింది, ఎందుకంటే ఆ డ్యూటీ పక్కన ఒక అంకె ఉంది, అంకె పక్కన ఎకరాలున్నాయి. ఉద్యోగాన్ని ఎకరాల్లో కొలవరు. డ్యూటీకున్న ఇంకో అర్థం, సుంకం, దాన్నీ కొలవరు. పై వాక్యం మళ్ళీ చూస్తే "సెకనుకు ఒక ఘనపుటడుగు నీరు" అని ఉంది. అంటే ఇంత నీటికి ఇన్ని ఎకరాలు. ఒక క్యూసెక్కు నీరు పంట కాలమంతా పారితే ఎంత నేల పండుతుందో ఆ లెక్కకి నీటిపారుదల ఇంజినీర్లు పెట్టుకున్న పేరు డ్యూటీ. నాన్నని అడిగితే "మా ఏఈ గారు రోజూ అనేవోరు కదమ్మా ఆ మాట, నీళ్ళకీ డ్యూటీ ఉంటుందని" అన్నారు, అదేదో అందరికీ తెలిసిందే అన్నట్టు.

తెలియని ఇంగ్లీషు మాటలకి సందర్భాన్నిబట్టి అర్థం రాబట్టుకోవాలని చెప్పేవాళ్ళు చాలామందే ఉన్నారు. నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టినవి తెలియని మాటలు కావు, తెలిసినట్టుండే మాటలు. తెలియని మాట దగ్గర కాలు తానే ఆగుతుంది. తెలిసిన మొహం పెట్టుకొచ్చినదాన్ని మనం పలకరించి ముందుకెళ్ళిపోతాం.

మాది కోనసీమ ఎగువన, లొల్ల లాకులకి దగ్గర్లోని ఊరు. బొబ్బర్లంక నుంచి వచ్చే ప్రధాన కాలువ ఆ లాకుల దగ్గరే చీలుతుంది. చదువంతా తెలుగు మీడియం. రాజమండ్రిలో ఆదికవి నన్నయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చరిత్రలో చేరి, ప్రాజెక్టుకి ఏ విషయం తీసుకోవాలంటే కాలువలే గుర్తొచ్చాయి. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో పూర్తయింది. దాని గురించి ఆర్థర్ కాటన్ రాసిందీ, ఆ తర్వాతి ఇంజినీర్లు రాసిందీ, జిల్లా వివరాలన్నీ చేర్చి ప్రభుత్వం వేసిన గెజిటీరూ, అన్నీ ఇంగ్లీషే. అదీ ఇప్పటి ఇంగ్లీషు కాదు. వాక్యం మొదలైందంటే కర్త ఒక చోట, క్రియ ఎక్కడో మూడు పంక్తుల కింద.

మొదట్లో ప్రతి మాటకీ ఫోన్‌లో డిక్షనరీ తీసేదాన్ని. ఒక పేజీ పూర్తయ్యేసరికి నోట్సులో రెండు వరసల మాటలు తయారయ్యేవి, పేజీలో ఏముందో మాత్రం అడిగితే చెప్పలేకపోయేదాన్ని. పైగా డిక్షనరీ ఇచ్చే మొదటి అర్థం ఇంజినీరింగు పుస్తకానికి అతకదు. వరదకి ఆనకట్ట దిగువన ఏప్రన్ కొట్టుకుపోయిందని పుస్తకం చెబుతుంటే, ఏప్రన్ అంటే వంటచేసేటప్పుడు కట్టుకునే గుడ్డ అని ఫోన్ చెబుతోంది.

డిగ్రీలో మాకు ఇంగ్లీషు చెప్పిన మేడం గారి దగ్గరికి వెళ్ళి ఈ గోల వెళ్ళబోసుకున్నాను. ఆవిడ ముందు పేజీలో నాకు తెలియని మాటల కింద పెన్సిల్‌తో గీతలు గీయించారు. పేజీ నల్లబడిపోయింది. "ఇలాంటి పేజీలో సందర్భం నీకేం సాయం చేస్తుందమ్మా? చుట్టుపక్కల ఉన్నవీ తెలియని మాటలే కదా" అన్నారు. న్యూజీలాండ్‌లో పాల్ నేషన్ అనే భాషా పండితుడు ఈ విషయం మీద చాలా పని చేశాడట. ఎవరి సాయం లేకుండా చదివి అర్థం చేసుకోవాలంటే పేజీలో 98 శాతం మాటలు ముందే తెలిసుండాలని ఆయనా, మరొకరూ కలిసి 2000లో రాశారు. అంటే యాభై మాటలకి ఒక్కటి మాత్రమే కొత్తది. నా పేజీలో ప్రతి పంక్తికీ రెండు మూడు. అందుకని గెజిటీరు మూసేసి, అదే గోదావరి గురించి ఇప్పటి ఇంగ్లీషులో ఉన్నవి చదవమన్నారు. అది వానాకాలం. ఇంగ్లీషు పేపర్ల నిండా వరద వార్తలే.

ఈ సలహా నాకు బాగా పనిచేసింది. దానికి కారణం నా ఇంగ్లీషు కాదు, వరద నాకు తెలియడం. ధవళేశ్వరం దగ్గర నీరు 10 లక్షల క్యూసెక్కులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. ఈ అంకెలు మా వైపు చిన్నపిల్లలకి కూడా నోటికొచ్చు. కాబట్టి నిన్న 15 లక్షలున్న నీరు ఇవాళ 12 లక్షలుంది, నది "రిసీడింగ్" అని రాస్తే ఆ మాటకి డిక్షనరీ ఎందుకు? తగ్గుముఖం పట్టిందన్నమాట. నది మధ్యనున్న లంక గ్రామాలు "మరూన్డ్", పడవల మీద పాలు, మంచినీళ్ళు పంపిస్తున్నారు అని ఉంటే, పడవ తప్ప దారి లేని ఊరు ఏ స్థితిలో ఉంటుందో నాకు తెలుసు. చుట్టూ నీరు కమ్మేసి బయటికి రాకపోకలు లేవు. "ఇనండేటెడ్" పక్కన ఎప్పుడూ వరిచేలో, అరటితోటలో ఉండేవి. ముంపు. అదే మాట మర్నాడు మళ్ళీ వస్తుంది, ఇంకో ఊరి పేరుతో వస్తుంది. అలా వచ్చిన ప్రతిసారీ నేననుకున్న అర్థం అక్కడా అతుకుతుందో లేదో చూసుకునేదాన్ని. ఒక చోట అతికి, రెండో చోట అతక్కపోతే అనుకున్నది తప్పన్నమాట. ఒక్క వాక్యాన్ని నమ్ముకుని అర్థం ఖాయం చేసుకోకూడదని నాకు తెలిసింది ఈ పేపర్ల దగ్గరే.

వరదలు తగ్గి రెండో పంట దాళ్వా నారుమళ్ళ మాటలు మొదలయ్యేసరికి మళ్ళీ గెజిటీరు తెరిచాను. ఈసారి పద్ధతి వేరు. తెలియని మాట వచ్చిన చోట "ఫలానా" అని పెట్టుకుని వాక్యాన్ని తెలుగులో పైకి చదివేదాన్ని. సాయంత్రం అరుగు మీద నాన్న కూర్చునుంటారు కాబట్టి ఆయనకే వినిపించేదాన్ని.

"నాన్నా, వరదకి ఆనకట్ట కింద రాతి ఫలానా కొట్టుకుపోయిందంట. మళ్ళీ బండరాళ్ళు తెచ్చి నింపారంట."

"ఎగువనా, దిగువనా?"

"దిగువన."

"గోడ మీంచి నీళ్ళు దూకే చోట పరిచిన రాళ్ళమ్మా. అక్కడ రాళ్ళు లేకపోతే ఇసక కోసుకుపోయి గోడ కింద గొయ్యి పడిపోద్ది. కాటన్ దొర కట్టింది ఇసక మీదే కదా."

ఆయన ఇంగ్లీషు బళ్ళో చదవలేదు. ఆ వాక్యంలో ఎగువా దిగువా తేల్చుకోవాలని మాత్రం ఆయనకే తట్టింది. నాకు తట్టలేదు, ఎందుకంటే నేను మాట వైపు చూస్తున్నాను, ఆయన ఆనకట్ట వైపు చూస్తున్నారు. ఏప్రన్ తేలగానే దాని పక్కన కూర్చున్న "స్కౌర్" కూడా తేలిపోయింది. ఏప్రన్ పరిచింది దేన్ని ఆపడానికి? కోతని. ఇంకో అధ్యాయంలో "స్కౌరింగ్ స్లూయిస్" అని వచ్చినప్పుడు మళ్ళీ తికమక. అక్కడ స్కౌర్ మంచి పనే చేస్తోంది, కాలువ మొగదల దగ్గర పేరుకున్న పూడికని తోసేస్తోంది. ఒక చోట శత్రువు, ఇంకో చోట చాకిరీ చేసే మనిషి. రెండు చోట్లా నీరు చేసే పని ఒక్కటే, వేగంగా పారి అడుగున ఉన్నదాన్ని కోసుకుని పట్టుకుపోవడం. ఈ రెండో వాక్యం దొరక్కపోతే "స్కౌర్ అంటే నష్టం" అని రాసుకునేదాన్ని, అది సగం అర్థం.

మాట వాక్యంలో ఏ పని చేస్తోందో ముందు చూడమని మేడం గారు చెప్పారు. నామవాచకమా, క్రియా, విశేషణమా. బళ్ళో వ్యాకరణం పాఠంలో ఇదంతా దండగ అనుకునేవాళ్ళం, ఇక్కడ పనికొచ్చింది. "ఫ్రెషెస్" అనే మాట తీసుకోండి. ఫ్రెష్ అంటే తాజా అని కూరగాయలమ్మే వాళ్ళకీ తెలుసు. కానీ ముందు "ది" ఉంది, చివర బహువచనం ఉంది. కాబట్టి అది ఒక గుణం కాదు, వస్తువు. అవి జూన్‌లో ఏటికి వస్తాయి, వచ్చాక కాలువలకి నీరు వదులుతారు.

"జూన్‌లో ఏట్లోకి వచ్చే ఫలానాలు ఏంటి నాన్నా?"

"ఎర్రనీరు. ఇంకేం వస్తాయి జూన్‌లో?"

ఎగువన తొలి వానలకి మట్టి కలిసి వచ్చే కొత్తనీరు. డిక్షనరీలో వెతికితే ఈ అర్థం చాలా కిందకి ఉంది, పైనున్నవి చదివి వదిలేసేదాన్నేమో.

"కమాండ్" కూడా ఇలాంటిదే. ఫలానా కాలువ ఇన్ని వేల ఎకరాల్ని "కమాండ్" చేస్తుంది అంటే ఆజ్ఞలేమీ లేవు. ఆ కాలువ నీరు పల్లానికి పారుతూ ఎక్కడిదాకా అందుతుందో అంత మేర దాని ఆయకట్టు. "లాక్" మాత్రం నన్ను కాదు, హైదరాబాదులో పుట్టి పెరిగిన మా మేనకోడలిని తిప్పలు పెట్టింది. కాలువ మీద లాక్ ఏంటి అత్తా, నీళ్ళకి తాళమేస్తారా అంది. మాకు లాకులంటే ముందు కాలువే గుర్తొస్తుంది. పడవలు తిరిగిన రోజుల్లో, ఎగువ మట్టం నుంచి దిగువ మట్టానికి పడవని దించడానికి రెండు తలుపుల మధ్య నీరు నింపి వదిలే కట్టడం అది. ఒకే పేజీ, ఒకే మాట, ఒకరికి సులువు, ఇంకొకరికి తిప్పలు.

మాటని ముక్కలుగా విరిచి అర్థం లాగడం గురించి ఒక హెచ్చరిక. ముందు ఒక ముక్క, వెనక ఒక ముక్క ఉంటాయి, వాటి అర్థాలు నేర్చుకుంటే చాలని కోచింగుల్లో చెబుతారు. పనికిరాదని అనను. "నావిగబుల్" కెనాల్ అన్నప్పుడు చివరి ముక్క "చేయదగిన" అని తెలిస్తే పడవలు నడపదగిన కాలువ అని వచ్చేస్తుంది. కానీ మేడం గారు ఈ పనిని ఆఖర్న చేయమన్నారు. పాల్ నేషన్ కూడా మరొకరితో కలిసి 1980లో చెప్పిన క్రమంలో దీన్ని చివరనే పెట్టాడట. ముందే విరిస్తే, ఆ విరిచిన అర్థానికి సరిపోయేలా వాక్యాన్నే వంచేస్తాం. నాతో ఎం.ఏ. చదివిన నర్సాపురం స్నేహితురాలు దీనికి నా కళ్ళ ముందే ఉదాహరణ చూపించింది. లంకలు "ఇన్‌హాబిటెడ్" అని వచ్చింది. "ఇన్ అంటే కాదు అని కదే. అంటే లంకల్లో జనం లేరన్నమాట" అంది. అదే వాక్యంలో లంకల్లో పొగాకు పండుతుందనీ, ఇళ్ళున్నాయనీ ఉంది. "జనం లేకపోతే పొగాకు ఎవరు పండించారే?" అంటే అవతలి ఒడ్డు నుంచి పడవ మీద వచ్చి పండిస్తారంది. నిజంగానే అలా చేసేవాళ్ళున్నారు, కాబట్టి వాదన గట్టిదే! రెండు పేజీల తర్వాత "అన్‌ఇన్‌హాబిటెడ్" అని ఇంకో లంక గురించి వచ్చేదాకా మా తగువు తెగలేదు. జనం లేనిది అది. మొదటిది జనమున్నది.

ఊరూ ఏరూ సాయం చేయని మాటలు ఇంకో రకం. వాటికి నాన్న ఉపయోగపడరు, వాక్యం నడకే దిక్కు. ఖర్చు చూసి పైవాళ్ళు వెనకాడారు, కాటన్ మాత్రం "శాంగ్విన్", కొద్ది ఏళ్ళలోనే శిస్తు రూపంలో పెట్టుబడి తిరిగొస్తుందన్నాడు. మధ్యలో "మాత్రం" ఉంది కదా, అటు వెనకడుగు ఉంటే ఇటు దానికి ఎదురుగా ఉన్నదే ఉండాలి. గట్టి నమ్మకంతో ఉన్నాడు. "రెమ్యునరేటివ్" అయితే ఇంకా సులువు, దాని వెంటనే శిస్తు ఎంత పెరిగిందో రాశారు, అంటే లాభసాటి. చాలాసార్లు రాసినవాళ్ళే అర్థాన్ని పక్క వాక్యంలో పెడతారు, మనం ఆ మాట దగ్గరే బిగుసుకుపోయి పక్క వాక్యం దాకా వెళ్ళం.

ఒక్క జాతి మాటల్ని మాత్రం ఊహించడం పూర్తిగా మానేశాను. "నాట్‌విత్‌స్టాండింగ్", "అన్‌లెస్", "లెస్ట్", "స్కేర్స్‌లీ", "బట్ ఫర్". చూడ్డానికి చిన్న చిన్న అతుకులు. ఇవి వాక్యాన్ని తలకిందులు చేసేస్తాయి. "బట్ ఫర్" ఆనకట్ట, ఈ జిల్లా ఫలానా అయ్యేది అంటే "కానీ" కాదు, ఆనకట్టే లేకపోయుంటే అని. నాట్‌విత్‌స్టాండింగ్ వరదలు, పని పూర్తయింది అన్న చోట "వరదల వల్ల" అని ఊహించినా వాక్యం నడిచిపోతుంది, అర్థం మాత్రం ఎదురు దిక్కుకి పోతుంది, అసలు అర్థం "వరదలొచ్చినా" అని. సందర్భం ఇక్కడ ఏ అభ్యంతరమూ చెప్పదు, అదే ప్రమాదం. పెద్ద నామవాచకం తెలియకపోతే ఒక వస్తువు పోతుంది, ఈ అతుకు తెలియకపోతే వాక్యమే పోతుంది. వీటికి డిక్షనరీ చూసి, తెలుగు అర్థాలు ఒక అట్ట మీద రాసి పుస్తకంలో పెట్టుకున్నాను. కొత్తవి వస్తే చేర్చుకోవడం తప్ప ఆ అట్టలో ఊహలకి చోటు లేదు.

ఇంకా తమాషా ఏంటంటే కొన్ని తెలియని ఇంగ్లీషు మాటలు ఇంగ్లీషే కావు. "లుంకా" అని పదే పదే వస్తుంటే, నదిలో ఉంటుంది, సారవంతమైనది, పొగాకు పండుతుంది అని గుర్తులు పోగేసుకుంటూ కూర్చున్నాను. పైకి చదివితే చాలు, మన లంక. ఆ రోజుల్లో మన అకారాన్ని వాళ్ళు "యు" అక్షరంతో రాసేవారు. ఆ కిటుకు తెలిశాక సగం ఊళ్ళ పేర్లు వాటంతటవే విచ్చుకున్నాయి. "కొకనాడ" కాకినాడే. ఆనకట్టకి వాళ్ళు రాసే "ఆనికట్" తమిళం నుంచి పోయినా మన చెవికి కొత్తేమీ కాదు. అలాగే శిస్తు లెక్కల్లో వచ్చే "ఫస్లీ" సంవత్సరాలు. ఫస్లీ 1262 అని చూసి, ఇదేదో కాకతీయుల కాలం అనుకునే అవకాశముంది. పక్కనున్న శిస్తు అంకెలు కంపెనీ కాలానివని తెలుసు కాబట్టి ఇది వేరే లెక్క అని అర్థమవుతుంది. 590 కలిపితే మన తేదీ వస్తుంది, అంటే 1852. కలపాల్సింది 590 అన్న సంగతి మాత్రం ఏ సందర్భమూ చెప్పదు, తెలిసినవాళ్ళు చెప్పాలి, లేదా చూసుకోవాలి.

"గార్సు" దగ్గరా అంతే. ధాన్యం ఇన్ని గార్సులు, ఉప్పు ఇన్ని గార్సులు అని పట్టికల్లో వస్తే అదొక కొలత అని ఎవరికైనా తెలుస్తుంది. పైకి చదివితే నాన్న "గరిసె కాదూ!" అన్నారు, ధాన్యం పోసుకునే గరిసె. నిజంగానే మన మాటే వాళ్ళ పట్టికలోకి ఎక్కింది. కానీ అది ఎంత? "పెద్ద కొలత" అన్న ఊహతో కథ చదవొచ్చు, ప్రాజెక్టులో లెక్క రాయలేం. మద్రాసు కొలతల పట్టిక చూస్తే గార్సుకి 400 మర్కాళ్ళని ఉంది. ఇప్పుడు నా పుస్తకంలో పెన్సిల్ గుర్తులు రెండు రకాలు. చదువు సాగడానికి సరిపడా అర్థం తెలిసిన మాటకి చుక్క. నేను రాసే వాక్యంలోకి రాబోయే మాటకి గీత. గీత పడ్డదాన్ని మాత్రం సాయంత్రం కూర్చుని డిక్షనరీలోనో పట్టికలోనో ఖాయం చేసుకుంటాను. చుక్కలు అలాగే వదిలేస్తాను, వాటిలో చాలా మటుకు తర్వాతి అధ్యాయాల్లో మళ్ళీ కనపడి తమ సంగతి తామే చెప్పుకుంటాయి.

కాలువల అధ్యాయాలు అయిపోయి ఉప్పు శిస్తు అధ్యాయంలోకి వచ్చాను. మొదటి పేజీలోనే చుక్కల మీద చుక్కలు. ఉప్పుమడికి నీరు ఎలా పెడతారో, ఎప్పుడు గీస్తారో నాకు తెలియదు, నాన్నకీ తెలియదు. "నాది తియ్యనీళ్ళ డ్యూటీయే అమ్మా" అనేశారు. కాకినాడ వైపున్న మా పిన్నికి ఫోన్ చేస్తే, వాళ్ళ వీధిలో మడుల్లో పనిచేసిన పెద్దాయన ఒకాయన ఉన్నారంది. ఆదివారం పుస్తకం పట్టుకుని వెళ్తున్నాను.